కష్టకాలంలో బౌద్ధ సాధన: ఏది ముందు, ఏది తర్వాత

"అక్కా, ధ్యానం మొదలుపెట్టాను. కళ్లు మూసుకుంటే ఏడుపే వస్తోంది. ఇంకా చేయమంటారా?"

ఈ ఒక్క ప్రశ్న ఈ ఏడాదిలో నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఉద్యోగం పోయినవాళ్లు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, పిల్లల అనారోగ్యంతో ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్లు అడిగారు. దాదాపు అందరూ ఒకే చోట తడబడుతున్నారు. వరుస తప్పుతున్నారు.

కష్టం రాగానే మనసు ముందుగా అడిగేది "ఇది నాకే ఎందుకు? దీనికి అర్థమేంటి?" అని. బౌద్ధ సాధనలో ఆ ప్రశ్న చాలా ఆలస్యంగా వస్తుంది. ముందు ఒళ్లు కుదుటపడాలి. తర్వాత బాధను బాధగా చూడటం రావాలి. దానికి మనం తెచ్చి కలిపినదాన్ని విడదీసుకోవాలి. అప్పుడు చేతికి ఒక పని దొరుకుతుంది. నాకు అర్థం దొరికింది ఆ పనిలోనే. కూర్చుని ఆలోచించిన రోజుల్లో ఎంత వెతికినా దొరకలేదు.

ఇది సుమారు ఆరు వారాల క్రమం. చేయడానికి బౌద్ధులు కానవసరం లేదు, పూజగదిలో పటాలు తీయనక్కర్లేదు, మాంసం మానేస్తానని ఒట్టు పెట్టుకోనక్కర్లేదు.

## 1. మొదలుపెట్టే ముందు

ముందుగా ఒక హెచ్చరిక. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, వరసగా రోజుల తరబడి నిద్ర లేకపోయినా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తున్నా ధ్యానంతో మొదలుపెట్టకండి. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడొచ్చు. మానసిక వైద్యుడి మందులు వాడుతున్నవాళ్లు సాధన మొదలైందని వాటిని ఆపకూడదు. మందులు మానేసి ధ్యానం చేయమని ఎవరైనా చెబితే, ఆ మనిషి ఎంత పేరున్నవాడైనా సరే, మళ్లీ అటు వెళ్లకండి.

ఇక సిద్ధం చేసుకోవాల్సినవి:

- పొద్దున 10 నిమిషాలు, రాత్రి పడుకునే ముందు 5 నిమిషాలు. ఇంట్లో కుక్కర్ విజిల్, చెత్త బండి పాట మొదలుకాక ముందైతే మంచిది.
- ఒకే చోటు. బాల్కనీలో మూలైనా, మంచం పక్కన నేలైనా చాలు. రోజుకో చోటు మార్చొద్దు.
- ఒక నోటుపుస్తకం. ఫోన్‌లో రాయొద్దు. ఫోన్ తెరిస్తే మెసేజ్‌లు కనిపిస్తాయి, కూర్చున్న ఉద్దేశం అక్కడితో సరి.
- ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచడం. "పొద్దున ఆరింటికి పది నిమిషాలు నన్ను పిలవకండి" అంటే చాలు, కారణాలు చెప్పక్కర్లేదు.

నోటుపుస్తకం మొదటి పేజీలో మీ కష్టాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "నా బతుకంతా పాడైపోయింది" అని రాయకండి. "మార్చి నుంచి జీతం లేదు, ఇంటి ఈఎంఐ నెలకు ఇంత" అని రాయండి. "అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్" అని రాయండి. వాక్యం ఎంత నిర్దిష్టంగా ఉంటే తర్వాతి మెట్లు అంత సులువు.

## 2. మొదటి వారం: ఊపిరి, నడక

ఈ వారం మనసును బాగుచేసే ప్రయత్నం ఏదీ వద్దు. ఊపిరిని గమనించడమే పని. దీన్ని ఆనాపానసతి అంటారు.

1. కూర్చోండి. పద్మాసనం అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో, పాదాలు నేలకు ఆనేలా కూర్చోండి. వెన్ను నిటారుగా ఉండాలి, బిగుసుకుపోకూడదు.
2. ముక్కు రంధ్రాల దగ్గర, పై పెదవి మీద గాలి తగిలే చోట ధ్యాస పెట్టండి. లోపలికి వెళ్లేటప్పుడు కాస్త చల్లగా, బయటికి వచ్చేటప్పుడు కాస్త వెచ్చగా తెలుస్తుంది.
3. ఊపిరిని సాగదీయొద్దు, బిగబట్టొద్దు. ఇది ప్రాణాయామం కాదు. అది ఎలా వస్తే అలా రానివ్వండి.
4. మనసు ఎటో పోతుంది. పోయిందని తెలిసిన క్షణంలో తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోండి. పది నిమిషాల్లో వంద సార్లు తెచ్చుకోవాల్సి వచ్చినా సాధన సరిగ్గానే సాగుతున్నట్టు.

కళ్లు మూసుకుంటే ఏడుపు వచ్చేవాళ్లు కళ్లు సగం తెరిచి, రెండడుగుల దూరంలో నేల మీద చూపు నిలపండి. అప్పటికీ గుండె దడదడలాడితే కూర్చోవడం ఆపి నడవండి. నడక తక్కువ రకం సాధనేం కాదు, ఎరుకను నిలపడం గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన బోధలో నడుస్తూ ఎరుకతో ఉండటం స్పష్టంగా ఉంది. ఇందిరా పార్కులోనో, మీ మేడ మీదో ఇరవై అడుగుల దూరం ఎంచుకోండి. మడమ ఆనడం, పాదం వాలడం, వేళ్లు లేవడం గమనిస్తూ అటూ ఇటూ నడవండి. కొత్తగా మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు నేను మొదటి వారమంతా నడకే చెబుతాను.

శబ్దాల సంగతి. హైదరాబాద్‌లో నిశ్శబ్దం కోసం ఎదురుచూస్తే సాధన మొదలవదు. బోరు మోటారు మోగితే "శబ్దం" అని మనసులో అనుకుని మళ్లీ ఊపిరికి రండి. ఆ మోటారు ఎవరు వేశారు, ఎందుకు కట్టేయలేదు అన్న ఆలోచన మొదలైందంటే, నాలుగో మెట్టులో చెప్పబోయే రెండో బాణం అదే.

## 3. రెండో వారం: "ఇది దుఃఖం" అని గుర్తించడం

నాలుగు ఆర్య సత్యాల గురించి చాలామంది వినే ఉంటారు: దుఃఖం, దాని కారణం, దాని నిరోధం (అంటే ఆగిపోవడం), దానికి మార్గం. సారనాథ్‌లో చేసిన తొలి బోధలోనే బుద్ధుడు ఒక్కో సత్యానికి ఒక్కో పని జోడించాడు. దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి. కారణాన్ని వదలాలి. నిరోధాన్ని అనుభవంలోకి తెచ్చుకోవాలి. మార్గాన్ని సాగు చేయాలి.

దుఃఖాన్ని వదిలించుకోమని మొదటి సత్యం చెప్పడం లేదు. దాన్ని తెలుసుకోవడమే అక్కడ మన పని. మనం తలకిందులుగా చేస్తాం: దుఃఖాన్ని తరిమేయాలని చూస్తాం, కారణాన్ని ఒళ్లో పెట్టుకుని జోకొడతాం.

చేయాల్సిందిది. ఊపిరి మీద ఐదు నిమిషాలు గడిచాక, మొదటి పేజీలో రాసుకున్న వాక్యాన్ని ఒకసారి మనసులో చదవండి. వెంటనే ఒంట్లోకి చూడండి. గొంతులో ముద్దలా ఉందా? పొట్ట బిగిసిందా? దవడ? భుజాలు? ఎక్కడుందో అక్కడ ధ్యాస పెట్టి "ఇది దుఃఖం, ఇలా ఉంటుంది" అనుకోండి. మూడు నాలుగు ఊపిరులు అక్కడే ఉండి, మళ్లీ ముక్కు దగ్గరికి వచ్చేయండి.

అంతే. ఒక్కసారి చూసి వెనక్కి రావడం. నీళ్ల వేడి చూడటానికి వేలు ముంచి తీస్తాం కదా, అంతసేపు. గంటసేపు బాధలో కూర్చుంటే తొందరగా కరిగిపోతుందని అనుకునేవాళ్లున్నారు. ఈ దశలో అలా చేస్తే కరగదు, ఉడికిపోతుంది.

## 4. మూడో వారం: రెండో బాణం

ఈ మెట్టు దగ్గర తొందర వద్దు, కావాలంటే ఇంకో వారం ఎక్కువ తీసుకోండి.

బుద్ధుడు చెప్పిన పోలిక ఇది. మనిషికి ఒక బాణం తగిలింది, నొప్పి పుట్టింది. వెంటనే అదే మనిషికి రెండో బాణం తగిలింది. మొదటిది ఒంటికి తగిలిన నొప్పి. రెండోది ఆ నొప్పి చూసి మనసు పడే గోల. తెలిసినవాడికి మొదటి బాణం తగులుతుంది, రెండోది తగలదు. ఆ తెలిసినవాడికీ నొప్పి ఉంటుందని గమనించండి. సాధన చేస్తే బాధే ఉండదని ఎవరూ మాట ఇవ్వలేదు.

మా నాన్నకు పక్షవాతం వచ్చిన రాత్రి నాకు ఈ పోలిక తెలుసు. పుస్తకంలో చదివాను కూడా. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాక అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. సాయంత్రం నాన్న మాట ముద్దగా వస్తుంటే నిద్రమత్తు అనుకున్నాను. దుప్పటి కప్పి పడుకోబెట్టాను. రాత్రంతా నా తలలో తిరిగింది ఆ దుప్పటే.

పక్కన జనగామ వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె ఉంది. ఆమె కొడుకు లోపల. తెల్లవారుజామున నా భుజం తట్టి, "ఏడువు బిడ్డా, ఏడిస్తే తప్పులేదు. గని ఏమన్న తిన్నవా?" అంది. స్టీలు డబ్బాలోంచి సగం జొన్నరొట్టె తుంచి, దాని మీద ఎల్లిపాయ కారం పెట్టి నా చేతిలో పెట్టింది. రొట్టె చల్లారి గట్టిపడి ఉంది. నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది. ఆ కాసేపు దుప్పటి గుర్తు రాలేదు. నాన్న లోపల ఉన్నాడు, నాకు ఆకలిగా ఉంది, ఈ రెండే ఉన్నాయి.

మందుల బిల్లు వెనక మధ్యలో గీత గీసి రాసుకోవడం మొదలుపెట్టింది ఆ పొద్దునే. మీరు నోటుపుస్తకంలో రాయండి.

- ఎడమ వైపు, మొదటి బాణం: జరిగినది. "నాన్న కుడి చేయి కదలడం లేదు." "బిల్లు కట్టాలి." "ఆయన్ను ఇలా చూస్తే నాకు ఏడుపొస్తోంది."
- కుడి వైపు, రెండో బాణం: మనసు జోడించినది. "గంట ముందు తెచ్చి ఉంటే." "అన్నయ్య అమెరికాలో హాయిగా ఉన్నాడు." "ఇక నవ్వే రోజు రాదు." "జనం ఏమనుకుంటారో."

గుర్తుపట్టడానికి ఒక ఉపాయం: కుడివైపు మాటల్లో "ఉంటే", "ఎప్పటికీ", "ఎప్పుడూ నేనే", "వాళ్లు మాత్రం" లాంటివి దొర్లుతుంటాయి.

తర్వాత పొరపాటు చేసే చోటు వస్తుంది. కుడివైపు రాసినవన్నీ అబద్ధాలని కొట్టేయకండి. గంట ముందు తీసుకెళ్లి ఉంటే మేలు జరిగేదేమో, అది నిజమే కావచ్చు. అన్యాయం జరిగితే కోపం రావడంలో తప్పులేదు, కేసు వేయాల్సి వస్తే వేయండి. కుడివైపు ఉన్నవి మనం మళ్లీ మళ్లీ గుచ్చుకుంటున్నవి, ఈ వారం అంతవరకు గుర్తిస్తే చాలు. గుర్తించినప్పుడు "రెండో బాణం" అని పేరు పెట్టి ఊపిరికి తిరిగి రావాలి.

ఒకే ఆలోచన జిగురులా పట్టుకుని వదలకపోతే, బుద్ధుడు భిక్షువులకు చెప్పిన ఉపాయాల్లో మొదటిది వాడండి. వడ్రంగి మోటు చీలను సన్నటి చీలతో కొట్టి బయటికి తీసినట్టు, ఆ ఆలోచన చోట ఇంకొకటి పెట్టడం. నాకు ఆ చీల జొన్నరొట్టె పెట్టిన చెయ్యి. మీకు కష్టంలో ఆసరా ఇచ్చిన ఒక మనిషి ముఖమో, మాటో ముందే ఎంచి పెట్టుకోండి. అవసరమైన సమయంలో వెతికితే దొరకదు.

## 5. "అంతా మన కర్మ" అన్నప్పుడు

పరామర్శకు వచ్చినవాళ్లు ఈ మాట అనక మానరు. కొందరు ఇంకాస్త ముందుకెళ్లి పోయిన జన్మలో పాపం అంటారు. వికలాంగుడైన బిడ్డ తల్లితో ఆ మాట అనడం విన్నాను. ఆమె ముఖం మర్చిపోలేను.

కాబట్టి తెలిసి ఉండండి. మోళియశీవకుడనే సంచార సన్యాసి బుద్ధుణ్ణి ఇదే అడిగాడు: మనిషి అనుభవించేదంతా పూర్వ కర్మ ఫలమేనా? కాదన్నాడు బుద్ధుడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి, వాతావరణ మార్పు, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, పైనుంచి తగిలిన దెబ్బ, కర్మ ఫలం అని ఎనిమిది కారణాలు చెప్పాడు. కర్మ ఆ ఎనిమిదిలో ఒకటి. అంతా కర్మేననేవాళ్లు తమకు తామే తెలిసినదాన్నీ, లోకం ఎరిగినదాన్నీ మించి మాట్లాడుతున్నారన్నాడు.

బౌద్ధంలో కర్మ అంటే ప్రధానంగా చేతన, అంటే మనం ఇప్పుడు ఏ ఉద్దేశంతో ఏ పని చేస్తున్నామన్నది. ఈ మెట్టులో సాధన అదే. "ఎందుకు నాకే" అన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ దాని కింద ఇంకో ప్రశ్న రాయండి: "ఇప్పుడు, ఈ గంటలో, నేను చేయగలిగింది ఏంటి?" జవాబు చిన్నదిగానే ఉండాలి. స్నానం చేయడం. ఇన్సూరెన్స్ ఆఫీసుకు ఫోన్. అమ్మ కాళ్లకు నూనె.

పరామర్శకు వచ్చిన పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకండి. "సరే అత్తయ్యా, కాస్త టీ తాగండి" అని లేవండి. వాళ్లకూ ఏం మాట్లాడాలో తెలియకే ఆ మాట అంటారు.

## 6. నాలుగో వారం: పట్టు ఎక్కడుంది?

రెండో సత్యం ప్రకారం దుఃఖానికి కారణం తృష్ణ. దాహం అని అర్థం. ఇది కావాలి, ఇలా ఉండాలి, ఇది ఉండకూడదు అని మనసు పడే దాహం.

కూర్చున్నప్పుడు ఒకే ప్రశ్న అడగండి: "ఇది ఎలా ఉంటేనే ఒప్పుకుంటానని నేను పట్టుబడుతున్నాను?" జవాబు కోసం తవ్వకండి. నాలుగైదు రోజుల్లో దానంతట అదే పైకి తేలుతుంది. మాకు తెలిసిన ఒకాయనకు ఉద్యోగం పోయాక తేలిందేంటంటే, ఆయన బాధలో ఎక్కువ భాగం డబ్బు గురించి కాదు. కాలనీలో "సారు" అని పిలిపించుకోవడం పోతుందన్న భయం. అది తెలిశాక తక్కువ జీతానికైనా ఇంకో పనిలో చేరగలిగాడు.

ఇక్కడ జాగ్రత్త. వదలమన్నది పట్టును, ప్రేమను వదలమనలేదు. ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం అని తెలుగులో అర్థం మారిపోయింది కాబట్టి ఈ పొరపాటు మనకు మరీ ఎక్కువ జరుగుతుంది. బౌద్ధంలో ఉపేక్ష అంటే మనసు తొణకకుండా సమంగా ఉండటం. అది మైత్రి, కరుణ, ముదిత (ఎదుటివాళ్ల సంతోషానికి సంతోషించడం) అనే మూడింటితో కలిసి నాలుగోదిగా నిలుస్తుంది. ఆ మూడూ లేని ఉపేక్ష మొద్దుబారడమే. మీకు ఏడుపు రావడం మానేసి, పిల్లలు పలకరించినా విసుగ్గా ఉంటే అది సాధన ఫలమని సంతోషించకండి. రెండో మెట్టుకు, అంటే ఊపిరి, నడకకు తిరిగి వెళ్లండి.

## 7. ఐదో వారం: మైత్రి

మైత్రి ధ్యానమంటే మనసులో క్షేమం కోరుకోవడం. ఎవరికి కోరుకుంటున్నామన్న వరుస ముఖ్యం. ముందు మీకు, తర్వాత మీకు మేలు చేసిన ఒకరికి, తర్వాత రోజూ కనిపించినా పెద్దగా పరిచయం లేని మనిషికి, చివరగా మీకు కష్టం కలిగించినవాళ్లకు. పాలవాడో, వాచ్‌మనో మూడో స్థానానికి సరిగ్గా సరిపోతారు. అన్యాయం చేసినవాళ్లతో మొదలుపెట్టకండి. వాళ్ల దగ్గరికి చేరడానికి ఆరు నెలలు పట్టినా నష్టమేం లేదు.

మాటలు మీ నోటికి అలవాటైనవి వాడండి. నేను వాడేవి:

- నేను క్షేమంగా ఉండాలి. నా మనసు కుదుటపడాలి. ఈ కష్టాన్ని మోసే ఓపిక నాకు కలగాలి.
- నువ్వు క్షేమంగా ఉండాలి. నీ మనసు కుదుటపడాలి. నీ కష్టాన్ని మోసే ఓపిక నీకు కలగాలి.

తమకు తాము మంచి కోరుకోవడం చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, నోరు రాదు. అప్పుడు చిన్నప్పటి మీ ఫొటో ఒకటి ఎదురుగా పెట్టుకోండి. ఆ పిల్లకు చెప్పండి.

చనిపోయినవాళ్ల విషయం వేరు. వాళ్లను తలచుకుని మైత్రి ధ్యానం చేయొద్దని ప్రాచీన సాధనా గ్రంథాలు చెబుతాయి. మనసు మైత్రిలో నిలవదు, శోకంలోకి జారుతుంది. వాళ్ల పేరున ఒక మంచి పని చేసి ఆ పుణ్యాన్ని వాళ్లకు పంచమంటుంది థేరవాదమనే బౌద్ధ సంప్రదాయం. శ్రీలంక, బర్మా, థాయ్‌లాండ్‌లలో అలా పంచేటప్పుడు ఒక పాత్రలోకి నీళ్లు ధారగా పోస్తారు. తర్పణం ఎరిగిన మనకు ఇది కొత్తగా అనిపించదు. చేయదలిస్తే చెంబుతో నీళ్లు, ఒక గిన్నె చాలు. ఆ నీళ్లను తర్వాత చెట్టు మొదట్లో పోయండి.

## 8. ఆరో వారం: కష్టం నేర్పిన పని

ఇప్పుడు అడగండి, దీని అర్థమేంటని. ప్రశ్నను మాత్రం ఇలా మార్చి అడగండి: "ఈ కష్టం వల్ల నాకు తెలిసినది, తెలియనివాళ్లకు ఉపయోగపడేది ఏముంది?"

నోటుపుస్తకం తెరిచి మూడో వారం రాసిన కుడివైపు వరుస చదవండి. మనల్ని ఎక్కువగా గుచ్చినచోటే సాధారణంగా జవాబు ఉంటుంది. నాకు దుప్పటి కప్పడం దగ్గర దొరికింది. మాట ముద్దగా రావడం పక్షవాతం లక్షణమని ఆ రోజు నాకు తెలియదు. మా అపార్ట్‌మెంట్‌లో చాలామందికి తెలియదు.

ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి లిఫ్టులో అంటించాను: మూతి ఒక పక్కకు పోయిందా? రెండు చేతులు ఎత్తమంటే ఒకటి జారిపోతోందా? మాట ముద్దగా వస్తోందా? ఏ ఒక్కటున్నా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి, ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకోండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి 4.5 గంటల లోపే ఇవ్వాలి కాబట్టి ఆ సమయం డాక్టర్లకు కావాలి. వాచ్‌మన్ కుటుంబానికి, ఇళ్లలో పనిచేసేవాళ్లకు నోటితో చెప్పాను, వాళ్ల చేత చేతులెత్తించి చూపించాను.

దీనివల్ల మా నాన్నకు జరిగింది సరైపోలేదు. ఆయన రెండేళ్లు మంచం మీద ఉండి చనిపోయారు. ఆ దుప్పటి గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కానీ నా చేతులకు ఒక పని ఉంది.

మీ పని ఎంచుకునేటప్పుడు చూసుకోండి:

- ఒక గంటలో పూర్తయ్యేదేనా? ట్రస్టు పెట్టాలన్న ఆలోచన వస్తే ఏడాది ఆగండి.
- అప్పు చేయకుండా చేయగలరా? దానం అంటే డబ్బే కాదు. ఆరోగ్యశ్రీకి ఏ కాగితాలు, ఏ కౌంటర్ అన్నది ఆసుపత్రిలో కొత్తగా వచ్చినవాళ్లకు చూపించడం కూడా దానమే.
- మీ పుండు మళ్లీ రేగేంత దగ్గరగా ఉందా? క్యాన్సర్‌తో భర్త పోయిన మూడో నెలలో క్యాన్సర్ వార్డుకు సేవకు వెళ్లిన ఒక అక్క పది రోజులు మంచం పట్టింది.
- ఎవరికీ చెప్పకుండా, ఫొటో పెట్టకుండా చేయగలరా? మొదటి మూడుసార్లు అలాగే చేయండి.

## 9. మధ్యలో వచ్చే ఇబ్బందులు

నిద్ర వస్తోంది. ఆసుపత్రి రాత్రుల అలసట అయితే నిద్రపోండి. నిద్ర తీరాక కూర్చోండి.

ప్రశాంతత రాలేదు. రావాలని కూర్చుంటే అదీ దాహమే. ప్రశాంతంగా ఉందా లేదా అని కొలవకండి, కూర్చున్నారా లేదా అన్నదే రాసుకోండి.

ఇంట్లోవాళ్లు సన్యాసం పుచ్చుకుంటున్నావా అంటున్నారు. వాళ్లతో వాదించకండి. ఆ రోజు గిన్నెలు మీరు తోమండి.

కోపం పెరిగింది. ఇన్నాళ్లూ అణచినది కనిపిస్తోంది. రెండు వారాల్లో తగ్గకపోతే, లేదా పిల్లల మీద చెయ్యి లేస్తుంటే, కౌన్సెలర్‌ను కలవండి.

## 10. హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లొచ్చు

ఇంట్లో కుదరనివాళ్లకు, నలుగురితో కలిసి కూర్చోవాలనుకునేవాళ్లకు:

సికింద్రాబాద్ మహేంద్ర హిల్స్‌లో ఆనంద బుద్ధ విహార ఉంది. చెప్పులు బయట విడిచి, భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలతో వెళ్లండి. బుద్ధ విగ్రహం వైపు కాళ్లు చాపి కూర్చోవద్దు. భిక్షువులతో మాట్లాడాలంటే ముందు అక్కడున్నవాళ్లను అడగండి.

వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త విపశ్యన కేంద్రం ఉంది. విపశ్యన అంటే ఒంట్లో, మనసులో ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించే ధ్యానం. ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా నేర్పిన పద్ధతిలో 10 రోజుల శిబిరాలు నడుస్తాయి. తిండికీ, బసకీ రుసుము లేదు. శిబిరం పూర్తిచేసినవాళ్లు ఇచ్చే విరాళాలతోనే నడుస్తుంది. పొద్దున 4 గంటలకు లేవాలి, ఫోన్ అప్పగించాలి, మౌనం పాటించాలి. మంచి చోటే, కానీ పచ్చి గాయంతో వెళ్లవద్దని నా గట్టి సలహా. మరణం జరిగిన మొదటి నెలల్లో రోజుకు పది గంటలు కళ్లు మూసుకుని కూర్చోవడం అందరి వల్లా కాదు. ముందు ఇంట్లో ఆరు వారాలు చేయండి. దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడిగినవి ఒక్కటీ దాచకండి.

హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధుడి దగ్గర జనం ఎక్కువ. ధ్యానానికి అనువు కాదు, మరణస్మృతికి, అంటే మరణాన్ని తలచుకునే సాధనకు మాత్రం అనువైన చోటు. 1990 మార్చిలో ఆ విగ్రహాన్ని నీళ్ల మీద తీసుకెళ్తుండగా మునిగిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. మునిగినా మళ్లీ లేచాడని దాన్ని ధైర్యానికి గుర్తుగా చెబుతారు. నేను మాత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడి, ఆ పడవలో ఉండి తిరిగి ఇంటికి రాని పనివాళ్లను తలచుకుంటాను. వాళ్ల ఇళ్లలోనూ ఎవరో "గంట ముందు ఉంటే" అనుకుని ఉంటారు.

శాంతంగా ఒక గంట కావాలంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో బౌద్ధ శిల్పాల గ్యాలరీకి వెళ్లండి. ఒక్క శిల్పం ముందే నిలబడండి.

## 11. రోజువారీ చెక్‌లిస్ట్, తప్పిన రోజుల సంగతి

నోటుపుస్తకం వెనక అట్ట మీద రాసి పెట్టుకోండి:

- పొద్దున: ఊపిరి 10 నిమిషాలు. కుదరకపోతే ఆటో ఎక్కాక 10 ఊపిరులు.
- పగలు: ఒక్కసారైనా "రెండో బాణం" అని గుర్తుపట్టడం.
- సాయంత్రం: ఈ రోజు చేయగలిగిన ఒక్క పని చేశానా?
- రాత్రి: మైత్రి మాటలు, మూడుసార్లు.
- పౌర్ణమి నాడు: మొదటి పేజీలోని వాక్యం మళ్లీ రాయడం. కొన్ని నెలల తర్వాత వాక్యం మారుతుంది, ఆ మార్పును చూసుకోండి.

ఒక రోజు తప్పితే మరునాడు మామూలుగా చేయండి, రెట్టింపు చేయొద్దు. వారం తప్పితే రెండో మెట్టు (ఊపిరి, నడక) నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

తద్దినం, పెళ్లిరోజు, రిపోర్టులు వచ్చే రోజు లాంటివి ముందే క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. ఆ వారమంతా కూర్చోవడం తగ్గించి నడక పెంచండి. ఎవరో ఒకరిని ఇంటికి పిలిచి పెట్టుకోండి. ఆ వారానికి ఒక చేతిపని ముందే అనుకుని ఉంచండి. నాన్న తద్దినం ముందురోజు నేను లిఫ్టులో కాగితం చూస్తాను. అంచులు లేచిపోయి, అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి. దాన్ని పీకేసి కొత్తది రాసి అంటిస్తాను.